పెద్ద చెట్టు కొమ్మలు ఎంత కొట్టాలి? తల నరకడం, కొసలు తగ్గించడం, పలచన చేయడం: ఏది మేలు?

తోటలో చెట్టు మితిమీరి పెరిగిందని పిలిచే యజమానులు ఎక్కువగా కోరేది ఒకటే: "బాగా కొట్టేయండి, మళ్లీ అయిదేళ్ల దాకా చూసుకోనవసరం లేకుండా." ఆ కోరికలో న్యాయం లేకపోలేదు. మనుషులను పిలిపించడం, కొమ్మలు దింపించడం, చెత్త ఎత్తించడం అన్నీ ఖర్చే. అయినా చెట్ల పని చేసేవాళ్లు ఆ మాటకు వెంటనే తలూపకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

తల నరకడం అంటే ఒక ఎత్తు అనుకుని ఆ పైనున్నదంతా అడ్డంగా కోసేయడం. పని త్వరగా అయిపోతుంది, పెద్ద నేర్పు అక్కర్లేదు, ఆ సాయంత్రానికే ఇంట్లోకి వెలుతురు వస్తుంది. దీని మేలు అంతవరకే. ఆకులు పోయిన చెట్టు కలపలోనూ వేళ్లలోనూ దాచుకున్న పిండిపదార్థాన్ని ఖర్చుచేసి, బెరడు కింద నిద్రపోతున్న మొగ్గలను లేపుతుంది. కోత చుట్టూ రెమ్మలు గుంపుగా, నిటారుగా దూసుకొస్తాయి. వేగంగా పెరిగే జాతుల్లో కొన్నేళ్లకే పాత ఎత్తు తిరిగి వస్తుంది, కానీ పాత బలం రాదు. సహజంగా ఎదిగిన కొమ్మ మొదలు ఏటేటా కాండంతో కలిసి పొరమీద పొరగా బిగుసుకుంటుంది. ఈ కొత్త రెమ్మలు మాత్రం పైపొరలనే పట్టుకుని ఉంటాయి, వాటి కింద కోసిన మోడు కుళ్లుతుంటుంది. గాలికి విరిగి పడుతుందన్న భయంతో నరికించిన చెట్టే కొన్నేళ్లకు మరింత ప్రమాదకరంగా మారుతుంది. ఇన్నాళ్లూ నీడలో ఉన్న బెరడు ఎండకు కాలి పగలడం అదనం.

అమెరికా శాస్త్రవేత్త అలెక్స్ షైగో వేలాది చెట్లను చీల్చి పరిశీలించి చెప్పిన విషయం ఇక్కడ గుర్తుంచుకోవాలి. చెట్టు గాయం మన గాయంలా మానదు. దెబ్బతిన్న కలపను చెట్టు లోపలే గోడ కట్టినట్టు వేరుచేసి, దాని మీదుగా కొత్త కలపను పెంచుతుంది. గాయం ఎంత పెద్దదైతే ఆ గోడ నిలవడం అంత కష్టం. అందుకే 10 సెంటీమీటర్లకు మించిన లావు కొమ్మ మీద రంపం పెట్టడానికి నాకు బలమైన కారణం కావాలి. కోసేటప్పుడు కొమ్మ కాండంతో కలిసేచోట ఉండే ఉబ్బును వదిలి, దాని అంచున కోయాలి. రంగు పూసినంత మాత్రాన కుళ్లు ఆగదు.

కొసలు తగ్గించడం దీనికి భిన్నం. పొడవైన కొమ్మను ఒక పక్కకొమ్మ వరకు వెనక్కి కోస్తారు. ఆ పక్కకొమ్మ లావు, కోసేచోట అసలు కొమ్మ లావులో కనీసం మూడో వంతు ఉండాలి. అప్పుడే అది కొత్త కొసగా నిలదొక్కుకుంటుంది. కొస దగ్గర కొద్దిగా తగ్గించినా మొదలు మీద పడే ఒత్తిడి బాగా తగ్గుతుంది. గాయాలు చిన్నవి, చెట్టు రూపం చెడదు. గుబురు అంచుదాకా ఎక్కగల మనిషి కావాలి కాబట్టి ఖర్చు ఎక్కువ. పైగా పని అయ్యాక యజమాని "అసలేం కొట్టారు?" అని అడిగే అవకాశం ఉంది. ఆ సంగతి ముందే వివరించడం మన బాధ్యత.

వెలుతురు మాత్రమే కావాలంటే పలచన చేయడం చాలు. కానీ లోపలి రెమ్మలన్నీ ఊడ్చేసి కొసల్లోనే ఆకులు మిగిల్చితే బరువంతా చివరికి చేరి కొమ్మ గాలికి ఊగిపోతుంది. గుబురు అంచుల్లో, అక్కడక్కడా, చిన్న రెమ్మలే తీయాలి. దారికి అడ్డమొచ్చే కింది కొమ్మలైతే ఒకేసారి కాకుండా రెండు మూడేళ్లలో తీసేస్తే సరిపోతుంది.

ఇక ఎంత? ఒక ఏడాదిలో పచ్చని ఆకుల్లో 25 శాతం మించకూడదన్నది ఈ వృత్తిలో విస్తృతంగా పాటించే హద్దు. అది హద్దే, లక్ష్యం కాదు. లేతచెట్టు దాన్ని తట్టుకుంటుంది. ముదురుచెట్టుకు 10 శాతమే ఎక్కువనుకుంటాను, చాలాసార్లు ఎండుకొమ్మలు తీస్తే చాలు. అవి ఈ లెక్కలోకి రావు. చిగుళ్లు విచ్చుకునే రోజుల్లో నిల్వలు అడుగంటి ఉంటాయి కాబట్టి అప్పుడు పెద్ద కోతలు వద్దు. చిన్నప్పటి నుంచీ అవే ముడుల దగ్గర క్రమం తప్పకుండా కత్తిరిస్తూ వచ్చిన చెట్టుది వేరే పద్ధతి. చెట్టు పెద్దయ్యాక ఆ పద్ధతిని కొత్తగా మొదలుపెట్టలేం.

యజమానికి నిజంగా సగం ఎత్తే కావాలనుకోండి. అప్పుడు ఆ చోటికి ఆ చెట్టు సరిపోదని చెప్పి, తీసేసి చిన్నజాతి మొక్క నాటమనడమే నిజాయితీ. చెట్టు కొంత చిన్నదైతే చాలనుకునే మిగతా అందరికీ నా సలహా కొసలు తగ్గించడమే. అంచనా కాగితంలో "30 శాతం కొట్టాలి" అని రాయవద్దు, దాన్ని ఎవరికి తోచినట్టు వాళ్లు అర్థం చేసుకుంటారు. "ఇంటివైపు కొసలు ఒకటిన్నర మీటర్లు వెనక్కి, 10 సెంటీమీటర్లకు మించిన కోత లేకుండా" అని రాస్తే, పని అయ్యాక ఇద్దరూ కొలిచి చూసుకోవచ్చు.