గట్టు మీద కాపలాకి ఆ మడత టెంటు కొనబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

పశ్చిమ గోదావరి జిల్లా ఆకివీడు, ఉండి, కాళ్ళ, మొగల్తూరు వైపు రొయ్యల, చేపల చెరువులు చేస్తున్న రైతులందరికీ రాస్తున్నాను. ఈ చలికాలం మన దగ్గర ‘ఆక్వా వాచ్ టెంట్’ అని ఒకటి తెగ అమ్ముతున్నారు. పైన ఎరుపు, లోపల నలుపు, బొంతలా మందంగా కుట్టిన గుడ్డ. దయచేసి అది కొనకండి. అది మన గట్ల కోసం చేసింది కాదు. చలిదేశాల్లో సరస్సులు గడ్డకట్టాక ఆ మంచు మీద పెట్టుకుని, మంచుకి కన్నం వేసి, లోపల కూర్చుని గేలం వేసేవాళ్ళ కోసం చేసిన గుడారం. అమ్మేవాడికి ఆ సంగతి తెలుసు. తెలిసే దాచాడు. దానివల్ల మా ఇంట్లో మనిషిలాంటి ఒక పెద్దాయన ప్రాణం మీదికి వచ్చింది.

ఎవరు అమ్ముతున్నారో మీలో చాలామందికి ఈపాటికే అర్థమై ఉంటుంది. మేతలు, మందులు, ఏరేటర్ (చెరువు నీళ్ళలో గాలి కలిపే యంత్రం) సామాను అందరం అక్కడే కొంటాం. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయను.

సంగతి క్లుప్తంగా చెప్తాను. మావి లీజు చెరువులు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మా గట్టు మీద తాటాకు పాక కప్పు మొత్తం లేచిపోయింది. మళ్ళీ పాక వేయిద్దామంటే తాటాకూ దొరకలేదు, కప్పే మనిషీ దొరకలేదు. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి పెంచాక రొయ్య రేట్లు ఎలా పడ్డాయో మీకు తెలుసు, చేతిలో డబ్బు ఆడటం లేదు. అలాగని రాత్రి మనిషి లేకుండా చెరువు వదిలేయలేం. తెల్లవారుజామున డీఓ, అంటే నీళ్ళలో కరిగి ఉండే ఆక్సిజన్, పడిపోయే వేళ కరెంటు పోయి, జనరేటర్ వేయడం కాస్త ఆలస్యమైతే చాలు, రొయ్య పైకి తేలుతుంది. పైగా మోటార్లు, కేబుళ్ళ దొంగతనాలు. మా చెరువుల మీద కాపలా ఉండేది అరవై దాటిన పెద్దాయన. నాన్నగారి హయాం నుంచీ మాతోనే ఉన్నారు. బాబాయ్ అనే పిలుస్తాను.

ఆయన కోసమని షాపుకి వెళ్తే ఈ టెంటు చూపించారు. గోడ మధ్యలో ఉన్న పట్టీ పట్టుకుని బయటికి లాగాడు, లోపలి ఫైబర్ పుల్లలు టప్పున విచ్చుకుని గోడ నిలబడింది. అలా నాలుగు గోడలూ, పైకప్పూ. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. “చలికి వెచ్చగా, ఎండకి చల్లగా ఉంటుందండీ. వానకి చుక్క దిగదు. మన గట్ల కోసమే స్పెషల్‌గా చేయించాం” అన్నాడు. 18,500 రూపాయలు తీసుకున్నాడు. బిల్లు అడిగితే రాసిచ్చాడు, అదొక్కటే ఇప్పుడు మాకు ఆసరా.

తెచ్చి వేశాక అన్నీ తేడాలే. కింద అడుగు లేదు. గోడలు నేరుగా మట్టి మీద నిలబడతాయి, చుట్టూ ఒక అంచు గుడ్డ వేలాడుతుంది. “అడుగు గుడ్డ ఏదండీ?” అని ఫోన్ చేస్తే, “అంచు మీద మట్టి వేసుకోండి, సరిపోతుంది” అన్నాడు. మన గట్ల మీద కట్లపాము ఎంత తిరుగుతుందో మీకు చెప్పాలా? రాత్రిపూట, ఎక్కువగా నేల మీద పడుకున్నవాళ్ళని కాటేసే పాము. కాటు పడినట్టు కూడా చాలామందికి తెలియదు. మడత మంచం ఎత్తు మీద వేసి, చుట్టూ దోమతెర దోపితే తప్ప బాబాయిని అందులో పడుకోనివ్వలేదు.

టెంటుని నేలకి బిగించడానికి ఇచ్చిన మేకులు పొట్టిగా, మరచుట్టు తిరిగి, కొస పదునుగా ఉన్నాయి. మన ఒండ్రుమట్టి గట్టులో వాటిని తిప్పితే వెన్నలో దిగినట్టు దిగిపోతాయి, కాస్త గాలి రాగానే అంతే సులువుగా ఊడొస్తాయి. ఒక సాయంత్రం సముద్రం వైపు గాలికి రెండు మూలలు లేచాయి. బాబాయ్ పట్టుకుని వేలాడబట్టి ఆగింది గానీ, లేకపోతే వెళ్ళి ఏరేటర్ రెక్కల్లో చుట్టుకునేది. చివరికి సర్వీబాదు గుంజలు పాతి, నైలాన్ తాళ్ళతో కట్టాం. పగలు తొమ్మిది దాటితే లోపల కూర్చోలేం. నల్లటి మందపాటి గుడ్డ ఎండని పట్టేస్తుంది, లోపలి వేడి బయటికి పోదు.

ఇంతవరకూ అయితే డబ్బు పోయిందనుకుని ఊరుకునేవాణ్ణి. ఈ పోస్టు రాసేవాణ్ణి కాదు.

టెంటు పైభాగంలో చిన్న గాలి కిటికీలు ఉన్నాయి, మూతలతో. వాటికి దోమల జాలీ లేదు. దోమలు వస్తున్నాయని మళ్ళీ ఫోన్ చేశాను. అప్పుడతను అన్న మాట ఇది: “ఆ కన్నాలు మూసేసి టేప్ వేసేయండి. అవి డెకరేషన్‌కి ఇస్తారంతే.” మేం అలాగే మూసి టేప్ వేశాం.

ధనుర్మాసంలో తెల్లవారుజాము చలి మీకు తెలిసిందే. మంచు దట్టంగా పడితే పక్క చెరువు కూడా కనబడదు. 18 డిగ్రీలకి దిగితేనే మనవాళ్ళు వణికిపోతారు, అరవై దాటిన మనిషి సంగతి చెప్పేదేముంది. ఆ రాత్రి బాబాయ్ పాకలో ఎప్పుడూ చేసినట్టే కుంపట్లో బొగ్గులు రాజేసి, పొగ పోయాక లోపల పెట్టుకున్నారు. తాటాకు పాకలో ఏ చలికాలమూ దానివల్ల ఇబ్బంది రాలేదు. తాటాకు సందుల్లోంచి గాలి ఆడుతూనే ఉంటుంది కాబట్టి. ఈ టెంట్లో కింద అంచు మీద మట్టి, పైన టేప్, జిప్పు వేస్తే గాలి దూరే సందే లేదు.

మేత కుర్రాడు తెల్లారి వెళ్ళేసరికి బాబాయ్ సగం లోపల, సగం బయట పడి ఉన్నారట. వాంతి చేసుకున్నారు. పిలిస్తే కళ్ళు తెరుస్తున్నారు గానీ మాట తడబడుతోంది. జిప్పు ఎలా తీశారో ఆయనకే గుర్తు లేదు. ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరుగారు మొదట అడిగింది ఒకటే మాట: “లోపల ఏం కాల్చారు?” బొగ్గుల కుంపటి అని చెప్పగానే ఆక్సిజన్ పెట్టారు. కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. పొగ కనబడటం లేదు కదా అనుకుంటాం, అది మాత్రం రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట కూర్చుంటుంది. తలనొప్పి, వికారం, మగత, ఆ మగతలోనే మనిషి పోతాడు. ఇంకాసేపు లోపలే ఉండి ఉంటే దక్కేవారు కాదన్నారు. దేవుడి దయవల్ల ఇప్పుడు ఇంట్లో ఉన్నారు, తిరుగుతున్నారు. తల బరువుగా ఉంటోందని అంటూనే ఉన్నారు.

మా అన్నయ్య కొడుకు అమెరికాలోని మిన్నెసోటాలో ఉంటాడు. ఇంట్లో ఇదంతా విని వీడియో కాల్ చేశాడు. టెంటు చూపించమన్నాడు. చూడగానే నాతో, “ఇది ఐస్ ఫిషింగ్ షెల్టర్ కదా, ఇది అక్కడికెలా వచ్చింది?” అన్నాడు. వాడు చెప్తుంటే ఒక్కొక్కటీ అర్థమైంది. అక్కడ సరస్సు మీద మంచు కనీసం నాలుగు అంగుళాలు గట్టిపడ్డాకే మనిషి నడవాలంటారు. ఆ మంచుకి బరమాతో కన్నం వేసి, దాని మీదుగా ఈ గుడారం నిలబెడతారు. కన్నం లోపలే ఉండాలి కాబట్టి దీనికి అడుగు ఉండదు. చుట్టూ వేలాడే అంచు మీద మంచు ఎగదోస్తే కింద నుంచి గాలి రాదు, ఆ గుడ్డ అందుకోసం. మరచుట్టు మేకులు గడ్డమంచులో బిగియడానికి, మట్టిలోకి కాదు. లోపల నలుపు ఎందుకంటే, చీకటిగా ఉంటే కన్నంలోంచి నీళ్ళు అడుగుదాకా కనబడతాయట. బొంత గుడ్డ సున్నా కంటే బాగా కిందికి దిగే చలిని ఆపడానికి.

ఇక ఆ గాలి కిటికీలు. అక్కడివాళ్ళు లోపల గ్యాస్ హీటర్ వెలిగించుకుంటారు. అందుకే ఆ కిటికీలు పెడతారు, హీటర్ వెలిగితే వాటిని తెరిచే ఉంచాలని మరీ మరీ చెప్తారు. చాలామంది కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా లోపల తగిలించుకుంటారట. మనిషి ప్రాణం కోసం పెట్టిన కిటికీని ఇతను డెకరేషన్ అన్నాడు.

వాడు డబ్బా చూపించమన్నాడు. డబ్బా మీద ‘ఆక్వా వాచ్ టెంట్, ఆల్ వెదర్’ అని పెద్ద స్టిక్కర్ ఉంది కదా, దాని మూల కొద్దిగా లేచి ఉంది. తడిగుడ్డ పెట్టి మెల్లగా పీకాను. కింద అసలు బొమ్మ బయటపడింది. తెల్లటి మంచు, మధ్యలో ఇదే ఎర్ర గుడారం, పక్కన బొచ్చు టోపీ పెట్టుకుని బకెట్ మీద కూర్చున్న మనిషి, అతని కాళ్ళ ముందు మంచులో గుండ్రటి కన్నం. హెచ్చరికల గుర్తులు వరసగా ఉన్నాయి, వాటి మీద కూడా వేరే స్టిక్కర్. లోపల మాన్యువల్ ఉండాల్సిన కవర్లో రెండు కాగితాలే ఉన్నాయి, పిన్ను దగ్గర చింపిన ముక్కలు వేలాడుతున్నాయి. ఇది పొరపాటున జరిగేది కాదు. ఎవరో కూర్చుని, ఏది కనబడకూడదో చూసుకుని మరీ అంటించారు.

డబ్బా పట్టుకుని షాపుకి వెళ్ళాను. కోపం ఉన్నా గొంతు పెంచలేదు. “ఏవండీ, మన గట్ల కోసం చేయించామన్నారు, మరి ఈ బొమ్మ ఏంటండీ?” అని అడిగాను. డబ్బా వైపు చూశాడు. మొహంలో ఏ మార్పూ లేదు.

“స్టిక్కర్ ఎవరు పీకమన్నారండీ? ప్యాకింగ్ పాడైతే రిటర్న్ ఉండదు.”

మొదటి మాట అదీ. నేను బాబాయ్ సంగతి చెప్పాను. ఆసుపత్రి కాగితాలు కౌంటర్ మీద పెట్టాను. చేత్తో వాటిని పక్కకి జరిపి, “చేపల చెరువుకి చేపల టెంటే ఇచ్చాం. గడ్డకడితే ఏంటి, కట్టకపోతే ఏంటి, నీళ్ళు నీళ్ళేగా” అన్నాడు. గాలి కిటికీలకి టేప్ వేయమన్నది మీరే కదా అంటే, “కుంపటి పెట్టుకోమని మేం చెప్పామా?” అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ఆ తర్వాత అన్నాడు, షాపు నిండా జనం వింటుండగా:

“అయినా కాపలావాడికి ఇంత ఖరీదైన టెంటు ఎందుకండీ? పరదా ముక్క కడితే పడుంటాడు.”

ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లోంచి పోవడం లేదు. ఆ ‘కాపలావాడు’ మేలుకుని ఉండబట్టే ఇన్నేళ్ళుగా మా రొయ్యల పట్టుబడి ఇంటికొచ్చింది. ఆ పట్టుబడి డబ్బులతోనే ఇతని దగ్గర మేత బాకీలు తీర్చాం. ఈ డెల్టాలో ప్రతి గట్టు మీదా అలాంటి మనిషి ఒకరుంటారు. వాళ్ళ నిద్ర అమ్ముకునే మనందరం తింటున్నాం, ఈ షాపుతో సహా. ఆ మనిషికి పరదా ముక్క చాలని అన్న నోటితోనే, 18,500 తీసుకున్న రోజు “మీ పెద్దాయన హాయిగా పడుకుంటారండీ” అన్నాడు.

అప్పుడే బయట మొగల్తూరు నుంచి వచ్చిన రైతు ఒకాయన అదే డబ్బా బండికి కట్టించుకుంటున్నారు. వెళ్ళి బొమ్మ చూపించి, జరిగింది చెప్పాను. ఆయన తాడు విప్పేశారు. షాపతను బయటికొచ్చి, “మా బేరం చెడగొడితే బాగుండదు” అని వేలు చూపించాడు. ఒక్క రైతుకి చెప్తేనే అంత కోపం వస్తే, అందరికీ చెప్పాల్సిందే అనిపించింది.

1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. లోపం ఉన్న సరుకు వెనక్కి తీసుకోను, డబ్బు ఇవ్వను అనడం 2019 వినియోగదారుల చట్టం ప్రకారం తప్పు. బిల్లు మీద గడువు రాయకపోతే 30 రోజుల్లో ఇవ్వాలి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను, సరుకుకి కట్టింది 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. ప్యాకింగ్ మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఏ దేశం సరుకో ఉండాలి కాబట్టి, ఆ స్టిక్కర్ల సంగతి తూనికలు కొలతల శాఖకి కూడా రాశాను. డబ్బా, స్టిక్కరు, చింపిన కాగితాలు అన్నీ దాచాను. మీ దగ్గర కూడా ఉంటే పారేయకండి, ఫోటోలు తీసి నాకు పంపండి, కలిసి కేసు వేద్దాం.

కొనేవాళ్ళకి రెండు మాటలు. ఏ టెంటైనా డబ్బాతో సహా చూడండి, స్టిక్కర్ మీద స్టిక్కర్ ఉంటే ముట్టుకోకండి. అడుగు కుట్టి ఉందా, కిటికీలకి దోమల జాలీ ఉందా, లేతరంగు గుడ్డేనా చూసుకోండి. నా మటుకు నేను సర్వీబాదు గుంజలు, పైన రేకు, చుట్టూ తడికలతో మళ్ళీ పాకే వేయిస్తున్నాను.

ఇప్పటికే కొన్నవాళ్ళు మాత్రం ఆలస్యం చేయకండి. మీ కాపలా మనిషికి ఇప్పుడే ఫోన్ చేసి, పైన గాలి కిటికీలకి టేప్ ఉంటే పీకేయమనండి. కుంపటి, గ్యాస్ స్టవ్, దోమల చక్రం, ఏదీ లోపల వెలిగించొద్దనండి. చలేస్తే ఇంకో రగ్గు పంపండి.