హెచ్‌ఎల్‌ఏ ప్రమాణం: కలపడంలో దిట్ట, అర్థం కుదర్చడంలో అసంపూర్ణం

అమెరికా సైనిక, నౌకా, వైమానిక దళాలు ఎవరికి వారు తయారుచేసుకున్న సిమ్యులేషన్లను (కంప్యూటర్‌లో నడిచే యుద్ధ నమూనాలను) ఒకే విన్యాసంలో కలిపి నడపడానికి, 1991లో ఏర్పడిన డిఫెన్స్ మోడలింగ్ అండ్ సిమ్యులేషన్ ఆఫీస్ ఆధ్వర్యంలో రూపొందిన ప్రమాణమే హై లెవెల్ ఆర్కిటెక్చర్, అంటే హెచ్‌ఎల్‌ఏ. 2000లో ఇది ఇంజనీర్ల ప్రమాణాల సంస్థ ఐఈఈఈ ద్వారా ఐఈఈఈ 1516గా అంతర్జాతీయ ప్రమాణమైంది.

దీని ముందరి డిస్ (డిస్ట్రిబ్యూటెడ్ ఇంటరాక్టివ్ సిమ్యులేషన్) పద్ధతిలో ప్రతి యుద్ధ ట్యాంకు, ప్రతి విమానం తన స్థితిని నెట్‌వర్క్‌లోని అందరికీ ప్రసారం చేసేది. హెచ్‌ఎల్‌ఏలో ఏ సిమ్యులేషన్ ఏ సమాచారం ఇస్తుందో, ఏది కోరుతుందో ముందే ప్రకటిస్తుంది కనుక అనవసరపు రద్దీ తగ్గుతుంది. వేర్వేరు వేగాలతో నడిచే నమూనాల కాలాన్ని సమన్వయపరిచే ఏర్పాటు నా దృష్టిలో దీని అసలైన ఘనత.

అయితే తొలి రూపాల్లో ఇది ప్రోగ్రాములు పిలిచే సేవలను నిర్దేశించిందే కాని, నెట్‌వర్క్ మీద డేటా ప్రయాణించే రూపాన్ని నిర్దేశించలేదు. అందువల్ల కలిసి నడిచే సిమ్యులేషన్ల కూటమిలోని వారంతా సాధారణంగా ఒకే సంస్థ రన్‌టైమ్ సాఫ్ట్‌వేర్‌ను, అంటే వాటిని నడుస్తున్నప్పుడు కలిపే సాఫ్ట్‌వేర్‌ను, వాడవలసి వచ్చేది, ఇది సమన్వయం కోసమే పుట్టిన ప్రమాణానికి చిన్న లోపం కాదు.

అంతకన్నా తీవ్రమైనది భూతలం సమస్య. ఒక సిమ్యులేషన్‌లో గుట్ట చాటున దాగిన ట్యాంకు, కొండల ఎత్తును మరో విధంగా లెక్కించిన ఇంకొక దానిలో బయటపడి కనిపిస్తే, ఆ పోరు ఫలితాన్ని శిక్షణకైనా, కొనుగోలు నిర్ణయానికైనా నమ్మలేము. ఉమ్మడి డేటా నమూనాపై, భూతల వివరాలపై ముందే ఒప్పందానికి రాగల బృందాలకు మాత్రమే దీనిని నిస్సంకోచంగా సూచిస్తాను.