అమ్మానాన్నలతో చలికాలపు కారవాన్ ప్రయాణం: మూడేళ్ల వాడకం తర్వాత

మా అమ్మానాన్నలు ఒంగోలు నుంచి మెల్‌బోర్న్ వచ్చేది ఎప్పుడూ మే నెలాఖరులోనే. అక్కడి రోహిణి ఎండలు భరించలేక వస్తారు, ఇక్కడ దిగేసరికి చలికాలం మొదలవుతుంది. తొలిసారి వచ్చినప్పుడు రెండు నెలలూ హీటర్ ముందు కూర్చుని, కిటికీలోంచి వాన చూసి వెళ్లిపోయారు. ఆ బాధతోనే కారవాన్, అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు, కొన్నాను. 18 అడుగుల సెకండ్ హ్యాండ్ బండి. లోపల ఒక పెద్ద మంచం, రెండు బంక్ బెడ్లు, చిన్న వంటగది, బాత్రూమ్.

ఇప్పటికి మూడు చలికాలాలు వాడాం. మొదటి ఏడాది న్యూవెల్ హైవే మీద మోరీ దాకా వెళ్లి అక్కడి వేడినీటి కొలనుల్లో కూర్చున్నాం. రెండో ఏడాది ముర్రే నది వెంట తిరిగాం. నిరుడు జూన్ చివర్లో బయలుదేరి మిల్డూరా, ఫ్లిండర్స్ రేంజెస్, కూబర్ పీడీ, ఉలురు మీదుగా ఆలిస్ స్ప్రింగ్స్ దాకా వెళ్లొచ్చాం. 46 రోజులు, దాదాపు 6,000 కిలోమీటర్లు, నలుగురం. ఇక్కడ రాసేది ఎక్కువగా ఆ ప్రయాణం గురించే.

ముందే చెబుతున్నాను, పెద్దవాళ్లను తీసుకెళ్లడానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు. దేశం మధ్యలోకి వెళ్లాలంటే చలికాలమే సరైన కాలం. వేసవిలో అక్కడ 40 డిగ్రీలు దాటుతుంది, జూలైలో పగలు 20 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది. అయితే రాత్రి సున్నా కిందికి దిగిపోతుంది. అందుకే చలికాలానికి కారవాన్ కొనేవాళ్లు దాన్ని పగటిపూట చూసి మురిసిపోకండి, రాత్రి రెండు గంటలకు అందులో ఎలా ఉంటుందో ఆలోచించి కొనండి.

రాత్రి రెండు గంటలంటే నాకు ముందు గుర్తొచ్చేది టాయిలెట్. నాన్నకు షుగర్ ఉంది, రాత్రి రెండు మూడు సార్లు లేస్తారు. మంచు పడిన గడ్డి మీద టార్చి పట్టుకుని క్యాంప్ బాత్రూమ్ దాకా నడవాల్సిన పని లేకపోవడం ఆయనకు ఎంత నిశ్చింతో మాటల్లో చెప్పలేను. టాయిలెట్ కింద ఉండే ట్యాంకు (క్యాసెట్) మాత్రం నలుగురికి రెండు రోజుల్లో నిండిపోతుంది, దాన్ని పారబోసే చోటు, అంటే డంప్ పాయింట్ దగ్గర ఖాళీ చేయాలి. ఆ పని నాదే. చేతికి గ్లవ్స్ వేసుకుంటే ఐదు నిమిషాల పని.

ఇక బరువు. కొత్తగా కొనేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. అమ్మినవాళ్లు నాతో "మీ కారు 3,500 కిలోలు లాగుతుంది, మీకు దిగులే అక్కర్లేదు" అన్నారు. అది సగం నిజమే. నా కారవాన్ ఖాళీ బరువు 2,050 కిలోలు, సామాన్లతో కలిపి 2,500 దాటకూడదని ప్లేటు మీద ఉంది. అంటే నాకు మిగిలేది 450. రెండు ట్యాంకుల్లో నీళ్లు నింపితే 190 లీటర్లు, అంటే 190 కిలోలు అక్కడే పోయాయి. గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీ, దుప్పట్లు, పప్పులు, బియ్యం అన్నీ మిగిలిన దాంట్లోనే సర్దాలి. పైగా కారవాన్ ముక్కు బరువు కారు మీద పడుతుంది. మా బండికి అది 250 కిలోలు. కారులో కూర్చున్న నలుగురి బరువుతో పాటు దాన్ని కూడా కారు మోయగలిగే లెక్కలోనే కలపాలి. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

మొదటి ఏడాది వెస్ట్ వయాలాంగ్ దాటాక ఒక పెద్ద ట్రక్కు మమ్మల్ని ఓవర్‌టేక్ చేసింది. అది పక్కకు రాగానే కారవాన్ తోక అటూ ఇటూ ఊగడం మొదలైంది. స్టీరింగ్ నా చేతిలో ఉన్నా బండి నా మాట వినడం లేదు. పక్కన కూర్చున్న నాన్న మెల్లగా "బ్రేక్ తొక్కకు, కాలు తీసెయ్" అన్నారు. ఆయన ముప్పై ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపిన మనిషి. యాక్సిలరేటర్ వదిలి, కారులో ఉన్న కంట్రోలర్‌తో కారవాన్ బ్రేకు ఒక్కటే కొద్దిగా పట్టించాను, సర్దుకుంది. పక్కకు ఆపి చూస్తే కారణం కళ్లముందే ఉంది. వెనక డిక్కీలో 20 కిలోల బియ్యం, తడి గ్రైండర్, రెండు నీళ్ల క్యాన్లు. బరువంతా తోకలో పెట్టేశాం. తర్వాతి ఊళ్లో కాటా వేయిస్తే 2,590 వచ్చింది. ఆ రోజు నుంచి బరువైన సామానంతా చక్రాల పైన, నేలకు దగ్గరగా పెడుతున్నాం. గ్రైండర్ ఇంట్లోనే ఉంటుంది, మిక్సీ చాలు. ఊళ్ల మధ్య ఉన్నప్పుడు ఒక ట్యాంకే నింపుతాం. ప్రతి ట్రిప్పుకు ముందు కాటా తప్పనిసరి.

నిరుటి ప్రయాణంలో మొదటి దెబ్బ సౌత్ ఆస్ట్రేలియాలోని ఒరొరూ అనే ఊళ్లో తగిలింది. బయలుదేరే ముందు మెల్‌బోర్న్‌లో ఒక వర్క్‌షాప్‌లో పూర్తి సర్వీస్ చేయించాను. వీల్ బేరింగ్‌లకు కొత్త గ్రీజు పెట్టామని బిల్లులో రాశారు, డబ్బులూ తీసుకున్నారు. ఆగిన ప్రతిచోటా నాన్న నాలుగు చక్రాల హబ్‌ల (బేరింగ్ ఉండే నడిమి భాగాల) మీదా చెయ్యి పెట్టి చూస్తారు, బస్సు రోజుల నుంచి ఉన్న అలవాటు. మూడు గోరువెచ్చగా ఉన్నాయి. నాలుగోదాని మీద పెట్టిన చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నారు. "వెచ్చగా ఉంటే సరేరా. చెయ్యి ఆననివ్వకపోతే బండి కదలకూడదు" అన్నారు. ఊళ్లో ఉన్న మెకానిక్ విప్పి చూపించాడు. పాత గ్రీజు నల్లగా, ఎండిపోయి, గోటితో గీకితే పొడిపొడిగా రాలింది. దాన్ని ఎన్నాళ్లుగానో ఎవరూ ముట్టుకోలేదు. కొత్త బేరింగ్ తెప్పించి బిగించేసరికి ఒకటిన్నర రోజు పట్టింది. ఇంకో 200 కిలోమీటర్లు పోయి ఉంటే చక్రమే ఊడిపోయేదేమో. అమ్మ, నా భార్య అదే బండిని నమ్ముకుని ఉన్నారు. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు. సర్వీస్ బిల్లు చూసి నమ్మకండి, గ్రీజు మార్చేటప్పుడు పక్కన నిలబడి చూడండి.

చలి సంగతి ఫ్లిండర్స్ రేంజెస్ దగ్గరి హాకర్ అనే ఊళ్లో బాగా తెలిసొచ్చింది. పొద్దున మైనస్ 3. నీళ్ల హోస్ పైపు కర్రలా బిగుసుకుపోయింది, కుళాయి తిప్పితే చుక్క రాలేదు. అప్పటి నుంచి సాయంత్రమే ట్యాంకు నింపుకుని, పైపు విప్పి, అందులోని నీళ్లు వంచేసి పెడుతున్నాం. రాత్రి పడుకునేముందు కెటిల్ నింపి పెట్టుకుంటే పొద్దున్నే కాఫీకి టెన్షన్ ఉండదు.

బయట టీ పెట్టుకోవడానికి తెచ్చిన, చిన్న గ్యాస్ డబ్బాతో వెలిగే క్యాట్రిడ్జ్ స్టవ్ కూడా ఆ పొద్దున వెలగలేదు. దానిలో ఉండేది బ్యూటేన్, సున్నా డిగ్రీల దగ్గర అది ద్రవంగానే ఉండిపోతుంది, ఆవిరై పైకి రాదు. కారవాన్‌కు బిగించిన పెద్ద సిలిండర్లలో ప్రొపేన్ ఉంటుంది కాబట్టి లోపలి స్టవ్ మామూలుగానే వెలిగింది. చలిలో వెళ్లేవాళ్లు క్యాట్రిడ్జ్ స్టవ్‌ను నమ్ముకోవద్దు. అలాగని లోపలి గ్యాస్ స్టవ్ వెలిగించి చలి కాచుకోవడం మాత్రం ఎప్పుడూ చేయకండి. మూసిన బండిలో కార్బన్ మోనాక్సైడ్ చేరితే వాసన కూడా రాదు. మేం అలారం పెట్టించుకున్నాం.

వెచ్చదనానికి డీజిల్ హీటర్ పెట్టించాను. మూడేళ్లలో నేను పెట్టిన ఖర్చులన్నింటిలో ఇదే ఉత్తమం. పొగ బయటికి పోతుంది, లోపలికి పొడి వేడిగాలి వస్తుంది. మాకు రాత్రికి ఒకటిన్నర లీటరు లోపే అవుతుంది. హీటర్ వెలిగేటప్పుడు కొద్ది నిమిషాలే కరెంటు గట్టిగా లాగుతుంది, తర్వాత బ్యాటరీకి భారం కాదు. హీటర్ ఉన్నా పైకప్పు కిటికీ ఒక వేలు మందం తెరిచే ఉంచాలి. మొదటి వారం చలికి భయపడి అన్నీ బిగించుకున్నాం. నలుగురి ఊపిరి, అన్నం వండిన ఆవిరి కలిసి గోడల మీద నీటి చుక్కలై జారాయి. పరుపు ఎత్తి చూస్తే అడుగున చెక్క తడిసి ఉంది. ఇప్పుడు పరుపు కింద గాలి ఆడే జాలీ పరిచాం.

సోలార్ విషయంలో ఆశలు తగ్గించుకోండి. చలికాలంలో సూర్యుడు కిందుగా తిరుగుతాడు, అదీ ఉత్తరం వైపున. పైకప్పు మీద చదునుగా ఉన్న ప్యానెళ్లకు వేసవిలో వచ్చే దానిలో సగం కూడా మాకు రాలేదు. విడిగా నిలబెట్టే ప్యానెల్ ఒకటి ఉత్తరానికి వంచి పెడితే, కరెంటు లేని ఫ్రీ క్యాంపుల్లో మూడు రోజులు గడిచేవి.

దారి గురించి కొన్ని మాటలు. విక్టోరియా నుంచి సౌత్ ఆస్ట్రేలియాలోకి పండ్లు, టమాటాలు, మిరపకాయలు తీసుకెళ్లనివ్వరు, పండు ఈగ వస్తుందని. రెన్మార్క్‌కు ముందు యాంబా దగ్గర ప్రతి బండినీ ఆపి చూస్తారు. అది తెలిసి అమ్మ మిల్డూరాలోనే ఉన్న టమాటాలు, పచ్చిమిరపకాయలు అన్నీ పచ్చడి చేసేసింది. వండినది కాబట్టి అధికారులు అభ్యంతరం చెప్పలేదు. ఆ పచ్చడి కూబర్ పీడీ దాకా వచ్చింది.

పోర్ట్ ఆగస్టా నుంచి స్టువర్ట్ హైవే. గ్లెండాంబో నుంచి కూబర్ పీడీకి 254 కిలోమీటర్లు, మధ్యలో పెట్రోలు బంకు లేదు. మామూలుగా మాకు 100 కిలోమీటర్లకు 17 లీటర్ల డీజిల్ అయ్యేది, ఎదురుగాలి ఉన్న ఆ రోజు 22 అయింది. పొద్దున ఎనిమిదికి ముందు బయలుదేరలేదు, నాలుగింటికల్లా ఆగిపోయేవాళ్లం. చీకటి పడితే కంగారూలు రోడ్డు మీదికొస్తాయి. బళ్ల మధ్య మాట్లాడుకునే యూహెచ్ఎఫ్ రేడియో ఛానల్ 40లో పెట్టుకుంటే, వరసగా ట్రైలర్లు లాగే రోడ్ ట్రైన్ ట్రక్కుల డ్రైవర్లు ఓవర్‌టేక్ చేసేముందు చెబుతారు. 50 మీటర్లు దాటే బళ్లవి. ఒకటి దాటి వెళ్లిపోయేదాకా నాన్న దాని ఇరుసులు లెక్కపెట్టేవారు.

ఒక్క ఫిర్యాదు అమ్మది. చలికి దోసెల పిండి పులవలేదు. పగలు కారు సీట్లో ఎండ తగిలేలా పెట్టినా రాత్రికి మళ్లీ చప్పబడిపోయేది. కూబర్ పీడీలో ఒక రాత్రి కారవాన్ బయట వదిలేసి, నేల కింద తొలిచిన గదిలో పడుకున్నాం. 1915లో ఒపల్ రాళ్లు దొరికినప్పటి నుంచి అక్కడ తవ్వుతూనే ఉన్నారు. ఎండలకు, చలికి తట్టుకోవడానికి జనం కొండ లోపలే ఇళ్లు చేసుకున్నారు. బయట చలి కొరికేస్తున్నా లోపల 23, 24 డిగ్రీలు, హీటర్ లేకుండానే. అమ్మ గిన్నె మంచం పక్కన పెట్టుకుని పడుకుంది. పొద్దున మూత పైకి లేచి, పిండి అంచు దాటి జారింది. కారవాన్ బయట పెనం పెట్టి దోసెలు పోస్తుంటే పక్క బండిలోని ముసలి దంపతులు కూడా వచ్చి తిన్నారు.

ఉలురు కొండకు దగ్గర్లో కారవాన్ పెట్టుకోవాలంటే యులారా అనే ఊళ్లోని క్యాంప్‌గ్రౌండే. కొండ ఉన్న నేషనల్ పార్కు లోపల క్యాంపింగ్ లేదు. జూలై సెలవుల్లో అయితే నెలల ముందే బుక్ చేసుకోవాలి. ఆ కొండ ఎక్కడం 2019 అక్టోబరు 26 నుంచి ఆపేశారు. అక్కడి ఆదివాసీలైన అనంగు ప్రజలకు అది పవిత్రమైన చోటు. నాన్నకు ఈ మాట చెబితే, "కొండంటే ప్రదక్షిణ చేసేదేగా" అన్నారు. అరుణాచలంలో రెండుసార్లు గిరి ప్రదక్షిణ చేసిన మనిషి. అమ్మ, నా భార్య మాలా వాక్ అనే చిన్న నడకదారి దగ్గరే ఆగిపోయారు. నేనూ నాన్నా కొండ చుట్టూ ఉన్న 10 కిలోమీటర్ల దారి ఐదు గంటల్లో నెమ్మదిగా నడిచాం. ఫోటోలు తీయొద్దని బోర్డులున్న చోట్ల ఆయన టోపీ తీసి నడిచారు. ఆ రాత్రి క్యాంపులో తల పైకెత్తితే వృశ్చిక రాశి సరిగ్గా నడినెత్తిన ఉంది. ఒంగోలులో దక్షిణాన, కొబ్బరి చెట్ల మీదుగా కనిపించే తేలు అది. అమ్మ దుప్పటి కప్పుకుని మెట్టు మీద కూర్చుని చాలాసేపు చూసింది.

మేం వాడనివి కూడా చెప్పాలి. టీవీ, చిన్న వాషింగ్ మెషిన్, గుడారంలా బిగించే యానెక్స్ గోడలు. వాషింగ్ మెషిన్ తీసేసి ఆ అరలో బియ్యం పెట్టాం. ఖర్చు విషయానికొస్తే కరెంటు ఉన్న సైట్లకు రాత్రికి 45 నుంచి 65 డాలర్లు అయ్యాయి, అన్నింటికంటే ఎక్కువ అయింది డీజిల్‌కే. నెలకు తక్కువ వెళ్లేవాళ్లు కొనకండి, అద్దెకు తీసుకోండి. ఏడాదికి ఒకసారైనా నెల పైన తిరిగేవాళ్లు, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్లున్నవాళ్లు కొనుక్కోవచ్చు.

మా బండిలో మిగిలిన లోపం ఒకటే. ఎక్కే మెట్టు ఎత్తు. మోకాళ్ల నొప్పులతో అమ్మ ప్రతిసారీ తలుపు పట్టుకుని ఎక్కేది. పోయిన నెలలో ఇంకో మెట్టు, పట్టుకోవడానికి ఒక కడ్డీ పెట్టించాను. బేరింగ్‌ల గ్రీజు ఈసారి నేనే మార్చాను, నాన్న వీడియో కాల్‌లో చూస్తూ నాలుగు చక్రాలూ పూర్తయ్యేదాకా ఫోన్ పెట్టలేదు. వాళ్ల టికెట్లు మే 28కి.