మలేరియా ప్రయోగాలకు సోయా నూనె ఎమల్షన్: ఇంట్రాలిపిడ్ 20 శాతం ఎంతవరకు నమ్మొచ్చు

నోటితో తినలేని రోగులకు సిర ద్వారా కేలరీలు అందించడానికి పుట్టిన సరుకు ఇంట్రాలిపిడ్: నీటిలో సన్నటి బొట్లుగా కలిపిన సోయా నూనె, అంటే ఎమల్షన్. స్వీడన్‌లో ఆర్విడ్ వ్రెట్లిండ్ రూపొందించగా 1962లో వాడుకలోకి వచ్చింది. లీటరుకు 200 గ్రాముల సోయా నూనె, 12 గ్రాముల గుడ్డు సొన ఫాస్ఫోలిపిడ్లు, సుమారు 22 గ్రాముల గ్లిజరిన్ ఉంటాయి. మలేరియా మీద దీన్ని పరీక్షించడానికి సరైన కారణమే ఉంది. సోయా నూనెలో దాదాపు సగం లినోలిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం. ఆ ఆమ్లాన్ని విడిగా వేస్తే కల్చర్‌లో (ల్యాబులో పెంచినప్పుడు) మలేరియా పరాన్నజీవి ప్లాస్మోడియం ఫాల్సిపారం ఎదుగుదల తగ్గుతుందని 1990లలోనే తేలింది. పరిశోధన సరుకుగా దీనికి మంచి మార్కులే వేయొచ్చు. చికిత్సగా మాత్రం ఇప్పుడే కాదు.

అసలు చిక్కు ఇక్కడుంది: ఎమల్షన్‌లో ఆ ఆమ్లం విడిగా ఉండదు, ట్రైగ్లిజరైడ్ అనే కొవ్వు అణువులో బంధమై ఉంటుంది. విడిపించాలంటే కొవ్వును విడగొట్టే ఎంజైమ్ లైపేజ్ కావాలి. శరీరంలో కేశనాళికల గోడల మీద ఆ ఎంజైమ్ ఉంటుంది, కల్చర్ ప్లేటులో ఉండదు. కాబట్టి ప్లేటులో ఏమీ జరగకపోతే ఎలుకలోనూ జరగదని తేల్చేయకూడదు. ప్లేటులో పరాన్నజీవి తగ్గినా అది నూనె చలవేనని చెప్పడానికి లేదు. అందుకే నూనె లేకుండా, అంతే ఫాస్ఫోలిపిడ్, అంతే గ్లిజరిన్ కలిపిన కంట్రోల్ (పోల్చి చూసే నమూనా) తప్పనిసరి. సెలైన్ కంట్రోల్ ఒక్కటీ చాలదు.

మీడియం (పరాన్నజీవిని పెంచే ద్రవం) ఎంపిక ఇంకా తలనొప్పి. అందులో మామూలుగా కలిపే ఆల్బుమిన్ సరుకు ఆల్బుమాక్స్‌లో కొవ్వులు ముందే ఉంటాయి, అందులోని ఆల్బుమిన్ విడి కొవ్వు ఆమ్లాలను పట్టేసి వాటి ప్రభావాన్ని దాచేస్తుంది. కొవ్వు తీసేసిన ఆల్బుమిన్‌కు మారితే పరాన్నజీవే ఎదగదు, దానికి ఓలిక్, పామిటిక్ ఆమ్లాలు కావాలి. ఆ రెండూ విడిగా కలిపి, వాటి మోతాదు ప్లేటులోని అన్ని గుంటల్లో ఒకేలా ఉంచాలి.

మొదలుపెట్టడానికి ఈ కొలతలు బాగుంటాయి: 5 శాతం సార్బిటాల్‌తో పరాన్నజీవులన్నిటినీ ఒకే తొలి దశకు (రింగ్ దశ) తెచ్చిన కల్చర్, 2 శాతం హిమటోక్రిట్ (ద్రవంలో ఎర్రకణాల వాటా), 0.5 నుంచి 1 శాతం పరాసిటీమియా (పరాన్నజీవి సోకిన ఎర్రకణాల వాటా). ఎమల్షన్‌ను 1:100 కలిపితే మిల్లీలీటరుకు 2 మిల్లీగ్రాముల నూనె పడుతుంది. అక్కడ మొదలుపెట్టి రెట్టింపు పలుచన చేస్తూ పోవాలి. డీఎన్‌ఏకు అంటుకుని వెలిగే సైబర్ గ్రీన్ రంగు ఫ్లోరోసెన్స్ (వెలుగు) మీద ఆధారపడొద్దు. పాలలాంటి ద్రవం కాంతిని చెదరగొడుతుంది, కాబట్టి పరాన్నజీవి బతికుండగానే చచ్చినట్టు లెక్క రావచ్చు. గీమ్సా రంగు వేసిన రక్తపు పూత (స్మియర్) మీద సూక్ష్మదర్శినితో వేసే లెక్కే దిక్కు. స్మియర్‌కు ముందు కణాలను రెండుసార్లు ఆర్‌పీఎంఐ అనే కల్చర్ ద్రవంలో కడగాలి, లేదంటే కొవ్వు బొట్ల వల్ల స్లైడు మీద ఖాళీ మచ్చలు పడతాయి. పరాన్నజీవి లేని ఎర్రకణాలతోనూ ఒక వరుస పెట్టాలి: విడి కొవ్వు ఆమ్లాలు ఎక్కువైతే కణాలే పగులుతాయి, అది మలేరియా మీద గెలుపు కాదు.

కల్చర్‌కు వాడే రక్తం హెపారిన్ (గడ్డకట్టకుండా చేసే మందు) ఉన్న గొట్టంలో తీయొద్దు. హెపారిన్ తనంతట తానే మెరోజాయిట్లు (ఎర్రకణంలోకి దూరే దశలోని పరాన్నజీవులు) కణాల్లోకి చొరబడకుండా అడ్డుకుంటుంది. ఎలుకలకు ఇస్తే లైపేజ్‌ను రక్తంలోకి వదిలిస్తుంది కూడా.

బాటిల్ విషయంలో పెద్ద ఫిర్యాదు లేదు. 25 డిగ్రీల లోపు ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. పైన మీగడ తేలితే మెల్లగా తిప్పితే కలిసిపోతుంది. పసుపు నూనె బొట్లు కనిపిస్తే ఎమల్షన్ విరిగింది, పారేయాల్సిందే. 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లోంచి తీయడం కుదరదు, 1.2 మైక్రాన్ వాడాలి. అది సూక్ష్మజీవులన్నిటినీ ఆపదు కాబట్టి శుభ్రమైన గాలి వీచే హుడ్ కింద తెరిచి ఆ పూటకే వాడేయాలి.

ల్యూమెఫాంట్రిన్ లాంటి కొవ్వులో కరిగే మలేరియా మందుతో కలిపి పరీక్షిస్తే, మందు నూనె బొట్లలోకి వెళ్లిపోయి బలం తగ్గినట్టు కనిపించవచ్చు. దాన్ని ఎమల్షన్ మందుకు అడ్డుపడుతున్నట్టుగా రాసేయకుండా, ద్రవంలో విడిగా మిగిలిన మందును కొలవాలి.

రోగుల దగ్గర లెక్కే వేరు. తీవ్ర మలేరియాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది సిరలోకి ఆర్టిసునేట్ మందు, దాన్ని ఈ ఎమల్షన్ కోసం ఒక్క గంట కూడా ఆపకూడదు. మలేరియాలో ట్రైగ్లిజరైడ్లు ముందే పెరిగి ఉంటాయి. గుడ్డు, సోయా, వేరుశనగ అలర్జీ ఉన్నవారికి ఇది నిషిద్ధం. పోషణ కోసం ఎక్కించాల్సి వచ్చినా, ప్లాస్మా పాలలా ఉన్నప్పుడు తీసిన నమూనాలో హిమోగ్లోబిన్ ఎక్కువగా చూపి రక్తహీనతను కప్పేస్తుంది. ఎమల్షన్ ఆపాక 5 నుంచి 6 గంటలు ఆగి రక్తం తీయాలి.