జాగ్రత్త: బ్రిటన్‌లో సిమ్యులేషన్ పీహెచ్‌డీ 'సీటు ప్యాకేజీ'కి డబ్బు కట్టేముందు

సీఎఫ్‌డీ (ద్రవాలు, వాయువుల ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టడం), ఎఫ్‌ఈఏ (నిర్మాణాల మీద పడే ఒత్తిళ్లను అలాగే లెక్కగట్టడం) మీద బ్రిటన్‌లో పీహెచ్‌డీ చేద్దామనుకునే మెకానికల్, సివిల్, ఏరో వాళ్లు ఒక్కసారి చదవండి. 'ఫుల్లీ ఫండెడ్ సీటు గ్యారంటీ' అంటూ హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ లక్షన్నర దాకా లాగుతోంది. పేరు రాయను. ఇలాంటివి ఇంకా ఉన్నాయి, సరుకును బట్టి పోల్చుకోండి.

ముందు ప్రపోజల్. అందరికీ ఒకటే: నానోఫ్లూయిడ్‌తో (అతిసూక్ష్మ కణాలు కలిపిన ద్రవంతో) హీట్ ఎక్స్‌ఛేంజర్, ఫ్లూయెంట్ అనే సీఎఫ్‌డీ సాఫ్ట్‌వేర్‌లో తీసిన రంగురంగుల కాంటూర్లు. ఒక ఫైల్లో మూడో పేజీ హెడర్‌లో ఇంకో అభ్యర్థి పేరు అలాగే ఉండిపోయింది. అసలు తప్పు లోపలుంది. కె-ఒమేగా ఎస్ఎస్‌టీ అనే టర్బ్యులెన్స్ (అల్లకల్లోల ప్రవాహం) మోడల్‌తో గోడ దాకా ప్రవాహాన్ని నేరుగా లెక్కించామని (రిజాల్వ్) రాశారు. అలా చేయాలంటే గోడ పక్క మొదటి సెల్‌లో (లెక్క కోసం విడగొట్టిన చిన్న గడిలో) వై-ప్లస్, అంటే గోడ నుంచి దాని దూరం చెప్పే కొలత, 1 దరిదాపుల్లో ఉండాలి, వీళ్ల టేబుల్‌లో 80 ఉంది. ఇక వీళ్లిచ్చిన నసెల్ట్ నంబర్‌ను (వేడి ఎంత బాగా బదిలీ అవుతోందో చెప్పే అంకెను) ఎవరు నమ్ముతారు? మెష్ ఇండిపెండెన్స్, అంటే మెష్‌లో (ఆ గడుల వలలో) సెల్స్ పెంచినా ఫలితం పెద్దగా మారదన్న రుజువు, దాని ఊసే లేదు. సెల్స్ రెండింతలు చేస్తే ప్రెషర్ డ్రాప్ ఎంత మారిందని ప్రొఫెసర్ అడిగితే నోరు పెగలదు, ఇంటర్వ్యూ అక్కడితో సరి. ఓపెన్‌ఫోమ్ అనే సీఎఫ్‌డీ సాఫ్ట్‌వేర్ ఉచితమే. బ్యాక్‌వర్డ్ ఫేసింగ్ స్టెప్ (మెట్టు దిగే ప్రవాహం) కేసును మూడు మెష్‌లతో నడిపి, రీఅటాచ్‌మెంట్ పొడవును (ప్రవాహం మళ్లీ గోడను తాకే దూరాన్ని) ప్రయోగ ఫలితాలతో పోల్చి సొంతంగా రెండు పేజీలు రాసుకోండి. ఆ ప్యాకేజీ కన్నా అది వెయ్యి రెట్లు నయం.

'గ్యారంటీ' సంగతికొస్తే, ఈపీఎస్ఆర్‌సీ (ఇంజినీరింగ్, ఫిజికల్ సైన్సెస్ పరిశోధన మండలి) లాంటి యూకేఆర్ఐ (బ్రిటన్ ప్రభుత్వ పరిశోధన నిధుల సంస్థ) నిధులతో నడిచే సీట్లలో విదేశీయులకు సాధారణంగా 30 శాతం పరిమితి ఉంటుంది. ఏ ఏజెంటూ దాన్ని మార్చలేడు. నిజంగా ఆ సీటు వస్తే 2025-26లో కనీస స్టైపెండ్ ఏడాదికి 20,780 పౌండ్లు, ఫీజు తేడా మీ నెత్తిన పడకూడదు. యూనివర్సిటీ సొంత స్కాలర్‌షిప్‌లతోనే చిక్కు. 'హోమ్ ఫీజు మాత్రమే' (అంటే బ్రిటన్ విద్యార్థుల ఫీజు వరకే) అన్న చిన్న అక్షరాల ముక్క ఉంటే, ఓవర్సీస్ ఫీజుకూ దానికీ తేడా మీరే కట్టాలి. ఇంజినీరింగ్‌లో అది చాలాచోట్ల ఏడాదికి 20 వేల పౌండ్ల పైమాటే. ఆఫర్ లెటర్‌లో ఫీజు, స్టైపెండ్, ఎన్నేళ్లు అన్న మూడు వరుసలూ కళ్లారా చూడండి.

ఏటాస్ (కొన్ని సున్నితమైన సాంకేతిక విషయాలు చదివే విదేశీయులకు బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే అనుమతి) క్లియరెన్స్ పేరుతో విడిగా అడిగేది పచ్చి దోపిడీ. ఇంజినీరింగ్, ఫిజికల్ సైన్సెస్ పీహెచ్‌డీకి మనవాళ్లకు ఏటాస్ తప్పనిసరి, కానీ దానికి ఫీజు లేదు. యూనివర్సిటీ ఇచ్చే రీసెర్చ్ స్టేట్‌మెంట్‌తో ఆన్‌లైన్‌లో మీరే పెట్టుకోవచ్చు. కనీసం 30 పనిదినాలు చేతిలో ఉంచుకోండి.

ఇప్పటికే కట్టేశారా? అప్లికేషన్ల కోసం వాళ్లు మీ పేరుతో తెరిచిన ఈమెయిల్ పాస్‌వర్డ్ ముందు మీ చేతికి తెచ్చుకుని మార్చేయండి, ఆఫర్లూ తిరస్కరణలూ దానికే వస్తాయి. తర్వాత రసీదు, అగ్రిమెంటు, వాట్సాప్ హామీల స్క్రీన్‌షాట్లతో 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయండి.