విండోస్ ఫైల్ హిస్టరీ, చాలాకాలం వాడాక: పాత వెర్షన్లకు దండం, డ్రైవ్ మీద మాత్రం ఓ కన్ను

ఇళ్లలో వాడే కంప్యూటర్లలో ఫైళ్లు పోవడం తక్కువ, పాడవడం ఎక్కువ. పోయిన ఫైలు సంగతి ఆ రోజే తెలిసిపోతుంది. పాడైనది అలా కాదు. అదే పేరుతో, అదే ఫోల్డర్లో, క్లిక్ చేస్తే చక్కగా తెరుచుకుంటూ ఉంటుంది. లోపల మాత్రం లెక్క తప్పి ఉంటుంది. ఈలోగా మీ పెన్‌డ్రైవ్ కాపీ, క్లౌడ్ కాపీ కూడా ఆ తప్పు ఫైలుతోనే మారిపోయి ఉంటాయి. ఫైల్ హిస్టరీ మీద నా ప్రేమంతా ఈ ఒక్క చోటే. విండోస్‌లోనే ఉండే ఈ బ్యాకప్ సదుపాయం ఫైలుకి ఇంకో కాపీ ఉంచి ఊరుకోదు, మారినప్పుడల్లా ఒక్కో కాపీ కంప్యూటర్‌కి తగిలించిన బయటి డ్రైవ్‌లో పక్కన పెడుతూ పోతుంది.

2012లో విండోస్ 8తో వచ్చిన ఫీచర్ ఇది, కొత్తేం కాదు. ఆన్ చేయడం, డ్రైవ్ ఎంచుకోవడం చాలామందికి తెలిసిందే. విండోస్ 11 వాడేవాళ్లకు ఒక్క మాట: సెట్టింగ్స్‌లో వెతుకుతూ కూర్చోకండి, కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ అండ్ సెక్యూరిటీ కింద ఉంటుంది.

దీని విలువ తెలిసింది ఒక ఇంటి లెక్కల షీటుతో. తేదీ, వివరం, మొత్తం, ఎవరు కట్టారు అని నాలుగు కాలమ్‌లు. ఇంట్లో ఎవరో ఎక్కువ ఖర్చులు పైకి తెద్దామని మొత్తం కాలమ్ ఒక్కటే సెలెక్ట్ చేసి సార్ట్ కొట్టారు. అలా చేస్తే ఎక్సెల్ ఊరికే ఒప్పుకోదు, పక్క కాలమ్‌లను కూడా కలుపుకోమంటారా, ఉన్న సెలెక్షన్‌తోనే కానివ్వమంటారా అని అడుగుతుంది. రెండోది నొక్కితే అంకెలు మాత్రమే స్థానాలు మారతాయి. తేదీలు, వివరాలు కదలవు. కరెంటు బిల్లు పక్కన స్కూలు ఫీజు అంకె, పాల ఖర్చు పక్కన మందుల అంకె వచ్చి చేరతాయి. ఇక్కడ ఉన్న కిటుకేమిటంటే, కింద ఉన్న టోటల్ పైసా కూడా మారదు. అవే అంకెలు కదా, వరుస మారిందంతే. అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఆ తర్వాత కూడా రోజూ కింద కొత్త వరుసలు చేరుస్తూనే పోయారు. పాత బిల్లు ఒకటి సరిచూడాల్సి వచ్చినప్పుడు గానీ బయటపడలేదు. అప్పటికి అన్‌డూ ఎప్పుడో పోయింది, పెన్‌డ్రైవ్‌లోనూ అదే షీటు.

ఇలాంటప్పుడు ఫైలు మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో ప్రీవియస్ వెర్షన్స్ ట్యాబ్ తెరిస్తే తేదీల వారీగా వరుస కనిపిస్తుంది. పైనుంచి ఒక్కొక్కటీ తెరుచుకుంటూ దిగొద్దు. అన్నింటిలో ఉండి తీరాల్సిన పాత వరుస ఒకటి గుర్తుపెట్టుకోండి, పలానా తేదీన కట్టిన పలానా బిల్లు. జాబితాలో సరిగ్గా మధ్యలో ఉన్న వెర్షన్‌ను రీస్టోర్ చేయకుండా ఓపెన్ మాత్రమే చేసి ఆ ఒక్క వరుస చూడండి. అంకె సరిగ్గా ఉంటే తప్పు దాని తర్వాత జరిగినట్టు. తప్పుగా ఉంటే అంతకు ముందే. మిగిలిన సగంలో మళ్లీ మధ్యది. నలభై వెర్షన్లున్నా ఆరు సార్లు తెరిస్తే చాలు, ఆఖరి మంచి వెర్షన్ ఏదో, మొదటి చెడ్డది ఏదో పక్కపక్కనే దొరికిపోతాయి.

దొరికాక రీస్టోర్ బటన్ నొక్కేయాలని చేయి లాగుతుంది. నొక్కొద్దు. నొక్కితే ఇప్పటి ఫైలు స్థానంలోకి పాతది వచ్చి కూర్చుంటుంది, సార్ట్ తర్వాత చేర్చిన వరుసలన్నీ గల్లంతు. ఆ బటన్ పక్కన చిన్న బాణం గుర్తు ఉంటుంది, దాన్లో రీస్టోర్ టు అని ఇంకో దారి. దాంతో పాత వెర్షన్‌ను డెస్క్‌టాప్ మీదికి విడిగా తెచ్చుకోవాలి. సార్ట్ అయ్యాక చేర్చిన వరుసలు ఎలాగూ సరైనవే, వాటి అంకెలు తర్వాత టైప్ చేసినవి కాబట్టి చెదరలేదు. ఇప్పటి షీటు నుంచి ఆ చివరి వరుసలు మాత్రం కాపీ చేసి మంచి వెర్షన్ అడుగున అతికిస్తే పని అయిపోతుంది. రోజుకో కాపీ తీసే పద్ధతిలో అయితే ఇంత సన్నగా పట్టుకోలేం. ఆ రోజు ఉదయం చేర్చినవి, సాయంత్రం చెడినవి ఒకే కాపీలో కలిసిపోతాయి.

మామూలుగా ఇది గంటకోసారి చూస్తుంది. అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో పది నిమిషాల దాకా తగ్గించుకోవచ్చు, రోజుకోసారికి పెంచుకోవచ్చు. ఫైలు మారకపోతే కొత్త కాపీ తీయదు కాబట్టి, లెక్కలూ ఉత్తరాలూ రాసుకునేవాళ్లు విరామం తగ్గించినా డ్రైవ్ మీద పెద్దగా భారం పడదు.

అనుకోని మేలు ఇంకొకటి ఉంది, కంప్యూటర్ మూలపడినప్పుడు గానీ అర్థం కాదు. చాలా బ్యాకప్ ప్రోగ్రాములు అంతా ఒకే పెద్ద ఫైలులో కుక్కేస్తాయి, మళ్లీ అదే ప్రోగ్రాం ఉంటే తప్ప విప్పలేం. ఇక్కడ డ్రైవ్‌లో ఫైల్ హిస్టరీ పేరుతో మామూలు ఫోల్డర్ ఉంటుంది. లోపల యూజర్ పేరు, కంప్యూటర్ పేరు, డేటా, ఆపైన సి డ్రైవ్‌లో ఉన్న ఫోల్డర్లు ఉన్నవి ఉన్నట్టే. ఒక్కో ఫైలు పేరు వెనక బ్రాకెట్లో సంవత్సరం, నెల, రోజు, గంట, నిమిషం, సెకను, చివర యూటీసీ అని మూడక్షరాలు. డ్రైవ్‌ను ఏ కంప్యూటర్‌కి తగిలించినా, లినక్స్ అయినా సరే, ఫైలు కాపీ చేసుకుని తెరుచుకోవచ్చు. ఆ గంటలు మీ గడియారానివి కావు, యూటీసీవి, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయానివి. మీరు సేవ్ చేసిన ఫైలు వేరే గంటతో, ఒక్కోసారి వేరే తేదీతో కనిపిస్తే కంగారు పడొద్దు.

ఇంత సులువుగా తెరుచుకుంటుందంటే ఎవరి చేతిలో పడినా తెరుచుకుంటుందనే అర్థం. బ్యాంకు కాగితాల స్కాన్లు ఉంటే డ్రైవ్‌ను బిట్‌లాకర్‌తో, అంటే విండోస్‌లోని ఎన్‌క్రిప్షన్ సదుపాయంతో తాళం వేయాలి. విండోస్ హోమ్‌లో అలా తాళం వేసిన డ్రైవ్‌ను తెరవగలం గానీ కొత్తగా వేయలేం, దానికి ప్రో కావాలి.

ఇక ఒకసారి ఆన్ చేస్తే మర్చిపోవచ్చు అని దీని గురించి చెప్పే మాట. నేనూ చాలామందికి అదే చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. డ్రైవ్ కేబుల్ వదులైందనుకోండి, లేదా ఊడదీసి టీవీకి తగిలించి మళ్లీ పెట్టలేదనుకోండి. ఫైల్ హిస్టరీ ఆగిపోదు. మారిన ఫైళ్ల కాపీలను కంప్యూటర్ లోపలి డిస్క్ మీదే తాత్కాలికంగా దాచుకుంటూ ఉంటుంది, డ్రైవ్ వచ్చాక అటు తోసేద్దామని. మంచి ఏర్పాటే. కానీ ఆ లోపలి డిస్క్ పోతే అసలూ పోతుంది, కాపీలూ పోతాయి. డ్రైవ్ మళ్లీ తగిలించమని నోటిఫికేషన్ వస్తుంది, ఎవరు చూస్తారు? అందుకే వారానికోసారి కంట్రోల్ ప్యానెల్‌లో ఫైల్ హిస్టరీ పేజీ తెరిచి, ఫైల్స్ లాస్ట్ కాపీడ్ ఆన్ అన్న చోట తేదీ చూడండి. పాతబడితే రన్ నౌ నొక్కండి. అదీ కాకపోతే మొదట కేబుల్ మార్చి చూడండి.

ఇంకో చికాకు పొడుగు పేర్లతో. వెనక తగిలించే తేదీ బ్రాకెట్లతో, ఖాళీలతో కలిపి 26 అక్షరాలు. దానికి ముందు యూజర్ పేరు, కంప్యూటర్ పేరు ఉన్న దారి (ఫైలు ఏ ఫోల్డర్లలో ఉందో చెప్పే పాత్) కూడా కలుస్తుంది. ఫోల్డర్లో ఫోల్డర్, దాన్లో ఇంకో ఫోల్డర్, చివర వాక్యమంత ఫైలు పేరు పెట్టే అలవాటున్నవాళ్లకు మొత్తం దారి హద్దు దాటిపోయి ఆ ఫైలు కాపీ కాకుండా ఉండిపోతుంది. తెర మీద ఏ హెచ్చరికా కనపడదు. విండోస్ లాగ్‌లు చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, మైక్రోసాఫ్ట్, విండోస్, ఫైల్ హిస్టరీ ఇంజిన్ దాకా వెళ్లి బ్యాకప్ లాగ్ చూస్తేనే ఏవి వదిలేసిందో తెలుస్తుంది. ఆ ఫైళ్ల పేర్లు కుదిస్తే సరి.

పేర్లు మార్చడంలోనూ జాగ్రత్త కావాలి. 60 జీబీ ఫొటోల ఫోల్డర్‌కి పేరు మారిస్తే దాని లెక్కలో అది కొత్త ఫోల్డరే. మళ్లీ 60 జీబీ కాపీ అవుతుంది, పాత పేరుతో ఉన్నదీ అక్కడే కూర్చుంటుంది. ఎన్నాళ్లు దాచాలి అన్న సెట్టింగ్ మొదట్లో ఫరెవర్ అని ఉంటుంది కాబట్టి డ్రైవ్ ఎందుకు నిండిందో అర్థం కాక తల పట్టుకుంటారు. ఆ సెట్టింగ్‌ను ఏడాదికి మార్చడం, క్లీనప్ వెర్షన్స్‌తో పాతవి తీసేయడం రెండూ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లోనే ఉన్నాయి. పెద్ద ఫైళ్లతో ఇంకా కష్టం. మారిన ముక్క వరకే దాచడం దీనికి తెలియదు, ఫైలంతా మళ్లీ కాపీ చేస్తుంది. 2 జీబీ ఫైలు గంటగంటకూ మారితే పది గంటల్లో 20 జీబీ. వీడియో ఎడిటింగ్ ఫోల్డర్లు, వర్చువల్ మెషీన్లు ఉంటే ఎక్స్‌క్లూడ్ ఫోల్డర్స్‌లో పెట్టి తప్పించండి.

ఏమేం కాపీ అవుతాయన్నది కూడా ఒకసారి చూసుకోవాలి. మామూలుగా డాక్యుమెంట్స్, పిక్చర్స్, మ్యూజిక్, వీడియోస్, డెస్క్‌టాప్ లాంటివే దాని పరిధి. డి డ్రైవ్‌లో విడిగా పెట్టుకున్న ఫోల్డర్ కావాలంటే దాని మీద రైట్ క్లిక్, షో మోర్ ఆప్షన్స్, ఇన్‌క్లూడ్ ఇన్ లైబ్రరీ, క్రియేట్ న్యూ లైబ్రరీ. లైబ్రరీలో చేరితే బ్యాకప్‌లోనూ చేరుతుంది. వన్‌డ్రైవ్‌లో మేఘం గుర్తుతో ఉన్న ఫైళ్లు నిజానికి మీ డిస్క్ మీద లేవు, అవి కాపీ కావు. ముఖ్యమైన ఫోల్డర్‌కి ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్ పెట్టాలి. ప్రోగ్రాముల సెట్టింగులు దాగే యాప్‌డేటా ఫోల్డర్ కూడా దీని పరిధిలోకి రాదు, కాబట్టి బ్రౌజర్ బుక్‌మార్కుల కోసం దీన్ని నమ్ముకోవద్దు.

చిక్కు ప్రశ్న ఇంకొకటి మిగిలే ఉంది. గంటకోసారి కాపీ కావాలంటే డ్రైవ్ ఎప్పుడూ తగిలించి ఉండాలి. ఎప్పుడూ తగిలించి ఉన్న డ్రైవ్‌ను రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే హానికర ప్రోగ్రాం) కూడా పట్టేయగలదు. దీనికి ఫైల్ హిస్టరీలో జవాబు లేదు. అందుకే ఇంకో డ్రైవ్ మీదికి నెలకోసారి చేత్తో కాపీ చేసి, ఊడదీసి బీరువాలో పెట్టడం నేను మానలేదు.

నా మట్టుకు డెస్క్‌టాప్ కంప్యూటర్, కదలని డ్రైవ్, లెక్కలూ ఉత్తరాలూ ఫొటోలూ. ఈ వాడకానికి దీన్ని మించింది వెతకాలని ఇంతవరకూ అనిపించలేదు. ఒకే షీటును ఇంట్లో నలుగురూ తెరిచే చోట అయితే మరీను. ల్యాప్‌టాప్ భుజాన వేసుకుని తిరిగేవాళ్లకు డ్రైవ్ తగిలేదే ఎప్పుడో ఒకసారి, వాళ్లకు పాత వెర్షన్లు దాచే క్లౌడ్ సర్వీసు మేలు కావచ్చు. మ్యాక్ వాళ్లకు టైమ్ మెషీన్ ఎలాగూ ఉంది. విరామం ముప్పై నిమిషాలు, దాచే కాలం ఏడాది, ఇవి నాకు కుదిరిన సెట్టింగులు. సంవత్సరాంతంలో పన్నుల కోసం పాత షీట్లు తిరగేసే అలవాటుంటే దాచే కాలాన్ని రెండేళ్లకు పెంచుకోండి, స్ప్రెడ్‌షీట్లకు పట్టే చోటు ఎంతని.