జ్లీన్: బాటా ఊరికి వెళ్లొచ్చాం

కోటలూ పాత చర్చిలూ కావాలంటే ప్రాగ్‌లోనే ఉండిపోండి. చెక్ దేశంలోనే ఉన్న జ్లీన్‌లో చూడాల్సినవి ఎర్ర ఇటుకల ఫ్యాక్టరీలు. ద్రెవ్నిత్సె నది గురించి మరీ ఊహించుకోవద్దు, మన పంటకాలువలాగే ఉంటుంది. బాటా కంపెనీ 1894లో పుట్టింది ఈ ఊళ్లోనే.

ప్రాగ్ నుంచి వచ్చే రైలు పక్క ఊరు ఒత్రొకోవిత్సెలో దిగి, అక్కడ ట్రాలీబస్సు (పైన కరెంటు తీగలతో నడిచే బస్సు) ఎక్కితే సుఖం.

ముందు 21వ నంబరు భవనం చూడండి. 1930ల చివర్లో కట్టిన 16 అంతస్తుల ఆఫీసు ఇది. కంపెనీ పెట్టినవాళ్లలో ఒకడైన తోమాష్ బాటా తర్వాత దాన్ని నడిపిన సవతి తమ్ముడు జాన్ ఆంటోనిన్, తన ఆఫీసు గదినే లిఫ్టులో పెట్టించుకున్నాడు. బల్ల, ఫోను, వాష్‌బేసిన్, ఏసీ అన్నీ అందులోనే. ఏ అంతస్తుకు కావాలంటే ఆ అంతస్తుకు గదే వెళ్తుంది! తీరా 1939లో ఆయన దేశం వదిలి వెళ్లిపోయాడు. ఇప్పుడు ఆ భవనంలో ప్రభుత్వ కార్యాలయాలున్నాయి. పై టెర్రస్ నుంచి చూస్తే కార్మికుల కోసం కట్టిన ఇటుక ఇళ్లు కొండ వాలు మీద వరసగా కనిపిస్తాయి. ఓపికుంటే లెత్నా పేట వైపు ఆ వీధుల్లో నడవండి, ఇప్పటికీ జనం కాపురాలుంటున్నారు.

తోమాష్ 1932లో విమాన ప్రమాదంలో పోయాడు. ఆయన స్మారకం పూర్తిగా అద్దాల భవనం. లోపల ఆయన ప్రమాదంలో పోయిన రకం యుంకర్స్ విమానం నమూనా ఒక్కటే వేలాడుతుంది. నాకు ఇక్కడి బూట్ల మ్యూజియం కంటే ఇదే నచ్చింది.

మేం దిగిన హోటల్లో గది శుభ్రంగానే ఉంది గానీ ఏసీ లేదు. కిటికీ తెరిస్తే రోడ్డు రొద, మూస్తే ఉక్క. ఎనభై ఏళ్లు దాటిన ఆ లిఫ్టుకున్న భాగ్యం మాకు లేకపోయింది! వేసవిలో వెళ్తే బుక్ చేసేముందే అడగండి.

శాకాహారులకు తిండి కాస్త టెన్షనే. ఎక్కడ చూసినా వేయించిన చీజ్, బంగాళాదుంపలు. ఒక పూటకు బాగుంటుంది, రెండో పూటకు మొహం మొత్తుతుంది. మధ్యాహ్నం పూట హోటళ్లలో ఆ రోజు మెనూ చవకగా దొరుకుతుంది, సూప్ కూడా ఇస్తారు. కానీ అది పనిదినాల్లోనే.

ఒక రాత్రి ఉంటే చాలు. సోమవారం మాత్రం పెట్టుకోకండి, చెక్ దేశంలో ఆ రోజు మ్యూజియాలు చాలావరకు మూతే.